చెట్టు కింద సింకు

వనభోజనాలు, పొలం దగ్గర షెడ్డు, జాతరలో గుడారం... కుళాయి లేని చోట వంటంటే అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం, చేతులు కడుక్కునే ఏర్పాటు తప్ప! కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఒక క్యాను, ఒక కుళాయి, ఒక బేసిను, ఒక బకెట్టు ఉంటే అడవిలోనైనా సింకు సిద్ధం.

కార్తీకం వచ్చిందంటే ఆదివారాలు ఇంట్లో గడవవు. కాలనీవాళ్లూ, ఆఫీసు మిత్రులూ, బంధువులూ అంతా కలిసి ఉసిరి చెట్టున్న తోట వెతుక్కుని వెళ్లిపోతారు. పులిహోర ఎవరు కలపాలి, గుత్తివంకాయకు ఎన్ని కిలోల కాయలు కావాలి, పిల్లల ఆటలకు బహుమతులు ఎవరు తేవాలి... వారం ముందే చీటీ సిద్ధం. గాడిపొయ్యి తవ్వేందుకు గునపం, గుండిగలు, గరిటెలు, అరిటాకులు, చాపలు, ఆఖరికి మైకు సెట్టు కూడా బండెక్కుతుంది. ఆ చీటీలో కనిపించనిది ఒక్కటే... చేతులు కడుక్కునే చోటు.

'దానికేముంది, డ్రమ్ములో నీళ్లున్నాయిగా' అంటారు. నిజమే, ఉన్నాయి. డ్రమ్ము అంచున ఓ మగ్గు కూడా ఉంటుంది. కూరగాయలు కడిగేవాళ్లు అందులో మగ్గు ముంచుతారు. మట్టిలో ఆడుకుని వచ్చిన పిల్లాడూ ముంచుతాడు. చంటిపాపకు బట్టలు మార్చిన తల్లీ ముంచుతుంది. చెట్ల చాటుకు వెళ్లొచ్చిన పెద్దాయనా అదే మగ్గు అందుకుంటాడు. మగ్గు జారి నీళ్లలో పడిందంటే మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవుకునేవాళ్లూ ఉంటారు. కాసేపయ్యాక అవే నీళ్లు మజ్జిగలోకి వెళతాయి!

మర్నాడు నలుగురికి కడుపులో తేడా చేస్తే నింద మాత్రం వంకాయ కూర మీద పడుతుంది. 'నూనె ఎక్కువైంది', 'ఎండలో పాడైంది' అనుకుంటారు. ఒక్కోసారి అది నిజం కావచ్చు. కానీ ఆ డ్రమ్మునీ, అందులో మునిగిన చేతుల్నీ ఎవరూ అనుమానించరు.

సింకు కావాలనేది ఇందుకే. అందం కోసం కాదు, సౌకర్యం కోసమే కూడా కాదు. సింకు దగ్గర నీళ్లు మన చేతి మీదికి వస్తాయి. డ్రమ్ము దగ్గర మన చెయ్యే నీళ్లలోకి వెళుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ముంచే నీరు... జారే నీరు

డ్రమ్ములో ఎంత శుభ్రమైన నీళ్లు పోసినా, మురికి చెయ్యి ఒక్కటి తగిలితే చాలు. ఆ చేతికున్నది ఆ తర్వాత వచ్చే అందరికీ పంపకం అవుతుంది. కుళాయి ఉన్న క్యానులో అలా కాదు. మొదటి చుక్క ఎంత శుభ్రమో చివరి చుక్కా అంతే శుభ్రం. వందమంది వాడినా పైనున్న నీళ్లను ఎవరూ తాకరు.

ఇది వినడానికి చిన్న సంగతే. దీని బలం ఎంతో కలకత్తా మురికివాడల్లో తేలింది. కలరా రోగి ఉన్న ఇళ్లను పరిశోధకులు మూడు జట్లుగా విడదీశారు. కొన్ని ఇళ్లకు సన్న మెడ ఉన్న కూజాలు ఇచ్చారు. అక్కడ వాటిని సొరాయి అంటారు. వాటిలోంచి నీళ్లు వంచుకోవాల్సిందే తప్ప చెయ్యి పెట్టి ముంచుకోవడం కుదరదు. మరికొన్ని ఇళ్లలో నీళ్లలో క్లోరిన్ కలిపారు. ఇంకొన్నిటిని ఎప్పటిలాగే వదిలేశారు. ఎప్పటిలాగే ఉన్న ఇళ్లలో రోగితో కలిసి ఉన్నవారిలో 17.3 శాతం మందికి కలరా క్రిమి సోకింది. క్లోరిన్ కలిపిన ఇళ్లలో అది 7.3 శాతం. మరి కూజా ఇళ్లలో? కేవలం 4.4 శాతం! మందు వేసిన నీళ్లకన్నా చెయ్యి తగలని నీళ్లే ఎక్కువ కాపాడాయన్నమాట. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయిన ఫలితాలివి.

ఆఫ్రికాలోనూ ఇలాంటి కథే. మొజాంబిక్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారికి మలావీ దేశంలో శిబిరాలు వేశారు. అందులో న్యామితుతు శిబిరంలో 1993లో ఒక ప్రయత్నం జరిగింది. కొన్ని కుటుంబాలకు మామూలు బకెట్ల బదులు మూత, నీళ్లు వంచుకునే మూతి ఉన్న 20 లీటర్ల బకెట్లు ఇచ్చారు. చెయ్యి లోపలికి పోకుండా చూడటమే వాటిలోని కొత్తదనం. ఆ ఇళ్లలో దాచిన నీళ్లలో మల సంబంధ క్రిములు సగటున 69 శాతం తక్కువగా కనిపించాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో విరేచనాలు 31 శాతం తక్కువ. ఈ రెండో తేడా గణాంకాల లెక్కలో కొద్దిలో నిరూపణకు అందకపోయినా, చూపించిన దారి మాత్రం ఒక్కటే... నీళ్లు ఎక్కడివన్నదే కాదు, వాటిని ఎలా తీసుకుంటున్నామన్నదీ ముఖ్యమే.

చెంబు చెప్పిన పాఠం

నిజానికి మన పెద్దలకు ఇది కొత్త కాదు. ఇంటికి ఎవరైనా వస్తే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చేవారు. అన్నం తిన్నాక అరుగు చివర నిలబడితే ఒకరు చెంబుతో వంచేవారు, మరొకరు చేతులు కడుక్కునేవారు. గంగాళంలో నేరుగా చెయ్యి పెడితే పెద్దల కేకలు తప్పేవి కాదు. ధార సన్నగా పడటానికి కొమ్ముచెంబులు ఉండనే ఉన్నాయి. అంతా జారే నీరే! చిక్కల్లా ఒకటే... వంచడానికి రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి లేని చోట ఏం చేయాలన్నదే ప్రశ్న.

దానికి సైన్యం ఒక జవాబు కనిపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యుడు విలియం లిస్టర్ ఒక కాన్వాసు సంచి తయారుచేయించారు. మూడు కర్రల ముక్కాలికి దాన్ని వేలాడదీసేవారు. 36 గ్యాలన్లు, అంటే మన లెక్కలో దాదాపు 136 లీటర్ల నీళ్లు పట్టేది. పైనుంచి నీళ్లు పోసి బ్లీచింగ్ కలిపేవారు. అడుగున చుట్టూ చిన్న చిన్న కుళాయిలు. సైనికులు వచ్చి సీసాలు నింపుకుని వెళ్లేవారు. ఎవరి చెయ్యీ లోపలికి పోయేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ 'లిస్టర్ సంచి' శిబిరాల్లో వేలాడుతూనే ఉంది.

పేదవాడి జవాబు జింబాబ్వే నుంచి వచ్చింది. 1980ల్లో అక్కడ ఎండిన సొరకాయ బుర్రను తాడుతో వేలాడదీసి, వంచితే సన్నటి ధార పడేలా చేశారు. అక్కడి షోనా భాషలో ఆ బుర్ర పేరు ముకోంబే. మన దగ్గరా ఒకప్పుడు పశువుల కాపరులు నీళ్లకు సొరబుర్రలే వాడేవారు కదా! తర్వాత బుర్ర పోయి ప్లాస్టిక్ క్యాను వచ్చింది. తాడుకు ఓ కర్ర కట్టి కాలితో తొక్కితే క్యాను వంగేలా మార్చారు. 'టిప్పీ ట్యాప్' అనే పేరుతో అది దేశదేశాల పల్లె బడుల్లోకి వెళ్లింది. చెంబు వంచే రెండో మనిషి పని ఇప్పుడు మన కాలే చేస్తుందన్నమాట.

2020లో కరోనా వచ్చినప్పుడు మన ఊళ్లలోనూ కాలితో తొక్కితే నీళ్లూ సబ్బూ వచ్చే ఏర్పాట్లు చాలాచోట్ల వెలిశాయి. భయం తగ్గాక వాటిలో చాలా మటుకు మూలన పడ్డాయి. సూత్రం మాత్రం పాతబడలేదు.

ఏమేం కావాలి?

ఇక అసలు పనికి వద్దాం. ఆరుబయట వంటకు పనికొచ్చే సింకులో నాలుగే భాగాలు... పైన నీళ్లు, మధ్యలో బేసిను, కింద బకెట్టు, వీటిని మోసే చట్రం.

పైన నీళ్లు: కుళాయి బిగించి వచ్చే 20 లీటర్ల క్యాను చాలు. మామూలు మూత క్యాను లేదా మూత ఉన్న బకెట్టు ఉంటే దానికి ప్లాస్టిక్ కుళాయి పెట్టుకోవచ్చు. అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో రంధ్రం చేయాలి. మరీ అడుగున పెడితే మడ్డి అంతా కుళాయిలోకి వస్తుంది. రంధ్రం కుళాయి మర కన్నా పెద్దది కాకూడదు. లోపలొకటి, బయటొకటి రబ్బరు వాషర్లు వేసి నట్టు బిగిస్తే చుక్క కారదు. ఇంట్లోనే నీళ్లు నింపి ఒక రాత్రంతా ఉంచి చూసుకోవడం మంచిది. తోటకు వెళ్లాక కారితే అక్కడ వాషరు దొరకదు!

ఇక్కడొక హెచ్చరిక. పొలం దగ్గర ఖాళీ డబ్బాలకు కొదవుండదు. కానీ పురుగుమందు డబ్బా, రంగు డబ్బా, ఇంజిన్ ఆయిల్ డబ్బా ఎన్నిసార్లు కడిగినా నీళ్లకు పనికిరావు. ప్లాస్టిక్ ఆ మందును పీల్చుకుని ఉంటుంది. అది తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. చేతులు కడుక్కోవడానికే కదా అని కూడా వాడొద్దు. ఆ నీళ్లతోనే ఎవరో ఒకరు పుక్కిలిస్తారు.

మధ్యలో బేసిను: పాత సామాన్ల దుకాణంలో దొరికే స్టీలు సింకు అయితే ఎన్నేళ్లయినా ఉంటుంది. లేదంటే గట్టి ప్లాస్టిక్ టబ్బు అడుగున రంధ్రం చేసి, శానిటరీ దుకాణంలో దొరికే వేస్ట్ కప్లింగ్ బిగించాలి. దాని కింద మెలికలు తిరిగే వేస్ట్ పైపు తగిలిస్తే నీళ్లు నేరుగా బకెట్టులోకి దిగుతాయి. రంధ్రం మీద జాలీ తప్పనిసరి. మెతుకులూ, కరివేపాకులూ పైనే ఆగిపోవాలి.

కింద బకెట్టు: ఇది పైనున్న క్యాను కన్నా పెద్దదిగా ఉండాలి. పైన 20 లీటర్లయితే కింద కనీసం 25 లీటర్లు. క్యాను ఖాళీ అయ్యేసరికి కూడా బకెట్టు పొంగదు. పైన నింపినప్పుడల్లా కింద పారబోయాలనే ఒక్క నియమం పెట్టుకుంటే వంటశాల చుట్టూ బురద ఉండదు.

చట్రం: పందిరికి వాడే సర్వీ కర్రలైనా, వెదురు బొంగులైనా, పాత ఇనుప బల్ల అయినా పర్వాలేదు. బేసిను అంచు నడుము ఎత్తుకు, అంటే 85 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య ఉంటే వంగాల్సిన పని ఉండదు. క్యాను కుళాయి దానికి ఒక జానెడు పైన ఉంటే పెద్ద గిన్నె కూడా కింద పట్టొచ్చు. పిల్లలు ఎక్కువగా ఉంటే పక్కన రెండు ఇటుకలు వేస్తే సరి.

ఒకటి మరచిపోకూడదు. 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోల బరువు. దాన్ని ఛాతీ ఎత్తున నిలబెడుతున్నాం. కర్రలు నిటారుగా కాకుండా కింద కాస్త వెడల్పుగా చాచి, అడ్డంగా ఒక కర్ర, ఏటవాలుగా మరో కర్ర కట్టాలి. ఏటవాలు కర్ర లేని చట్రం పక్కకు ఒరిగిపోతుంది. క్యానును కూడా ఒక తాడుతో చట్రానికి కట్టేస్తే పిల్లలు లాగినా మీద పడదు. నిండు క్యానును పైకెత్తే సాహసం వద్దు. ఖాళీ క్యానును పైన పెట్టి, చిన్న బిందెతో గరాటులోంచి నింపుకోవడమే నడుముకు మేలు.

కుళాయి గుటకలేస్తోందా?

అన్నీ బిగించి కుళాయి తిప్పితే మొదట బాగానే వస్తుంది. కాసేపటికి ధార ఆగుతుంది, గుటకలేస్తుంది, మళ్లీ వస్తుంది. కుళాయి పాడైందనుకుంటారు. పాడయింది కుళాయి కాదు, మూత బిగించేశారు! నీళ్లు బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. గాలికి దారి లేకపోతే బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెట్టి పట్టుకుంటుంది. మూత ఒక చుట్టు వదులు చేస్తే చాలు. లేదా మూతకు సన్నటి రంధ్రం చేసి, దోమలూ దుమ్మూ పోకుండా పలుచటి గుడ్డ కట్టాలి.

క్యాను ఖాళీ అవుతున్న కొద్దీ ధార నెమ్మదిస్తుంది. అదీ సహజమే. నీటి ఎత్తే దాని ఒత్తిడి. మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీటికీ దీనికీ పోలికే లేదు. కానీ చేతులు శుభ్రం చేసేది ఒత్తిడి కాదు, సబ్బూ రుద్దుడూ. అందుకే కుళాయిని పూర్తిగా తిప్పక్కర్లేదు. లీటరు సీసా నిండటానికి నిమిషం పట్టేంత సన్నగా వదిలితే సరిపోతుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. చేతులు తడుపుకోవడానికి మూడు సెకన్లు, చివర్లో కడుక్కోవడానికి పన్నెండు సెకన్లు. మధ్యలో సబ్బు రుద్దే ఇరవై సెకన్లు కుళాయి కట్టేసి ఉంచాలి. మొత్తం పదిహేను సెకన్ల ధార అంటే పావు లీటరు. ఆ లెక్కన 20 లీటర్ల క్యానుతో 80 సార్లు చేతులు కడుక్కోవచ్చు! మగ్గుతో అయితే ఒక్కొక్కరు లీటరు, లీటరున్నర గుమ్మరించుకోవడం మామూలే. నీళ్లు దూరం నుంచి మోసుకురావాల్సిన చోట ఈ తేడా విలువ మోసేవాళ్లకే తెలుస్తుంది.

మనుషులు ఎక్కువైతే నీళ్లకన్నా ముందు కుళాయిలే చాలవు. భోజనాలు వడ్డించామని మైకులో చెప్పగానే అందరూ ఒకేసారి వస్తారు. ఒక్కొక్కరికి అర నిమిషం అనుకున్నా, వందమందికి ఒక్క కుళాయి పెడితే చివరి మనిషి 50 నిమిషాలు నిలబడాలి. అంతసేపు ఎవరు ఆగుతారు? కడుక్కోకుండానే కూర్చుంటారు. నాలుగు కుళాయిలు పెడితే పన్నెండు, పదమూడు నిమిషాల్లో పని అయిపోతుంది. అందుకే పెద్ద గుంపులకు ఒకే పెద్ద డ్రమ్ము కన్నా నాలుగు చిన్న క్యాన్లు మేలు. లేదా ఎత్తు బల్ల మీద డ్రమ్ము పెట్టి దానికే నాలుగు కుళాయిలు బిగించాలి. తినకముందు 25 లీటర్లు, తిన్నాక కూర జిడ్డు వదలాలి కాబట్టి ఇంకో 40 లీటర్లు సిద్ధంగా ఉంచుకుంటే వందమందికి ఢోకా ఉండదు.

వంటవాళ్ల కుళాయి మాత్రం వేరుగా ఉండాలి. అది గాడిపొయ్యికి నాలుగు అడుగుల్లోనే ఉండాలి. దూరంగా ఉంటే నడిచి వెళ్లి కడుక్కోరు, కొంగుకో తువ్వాలుకో తుడిచేసుకుంటారు. వందమంది ఆరోగ్యం ఆ రెండు చేతుల్లో ఉందని మరచిపోకూడదు.

క్యాను కూడా లేకపోతే?

ఐదు లీటర్ల నూనె డబ్బా ఉన్నా చాలు. దాన్ని వేడినీళ్లు, సబ్బుతో శుభ్రంగా కడగాలి. మూతికి కాస్త కింద కాల్చిన మేకుతో ఒక చిల్లు పెట్టాలి. రెండు పంగల కర్రలు భూమిలో పాతి, డబ్బా పిడిలోంచి అడ్డకర్ర దూర్చి వేలాడదీయాలి. డబ్బా మెడకు ఒక తాడు కట్టి, దాని రెండో కొనను నేల మీద ఉన్న కర్రకు కట్టాలి. కర్ర తొక్కితే డబ్బా ముందుకు వంగి చిల్లులోంచి ధార పడుతుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. మురికి చెయ్యి దేనికీ తగలదు.

కుళాయి పిడి కన్నా ఇందులో ఉన్న గొప్ప అదే. కుళాయిని మురికి చేత్తోనే తిప్పుతాం, శుభ్రమైన చేత్తో మళ్లీ దాన్నే పట్టుకుని కడతాం. అందుకే వీలైతే మోచేత్తో నొక్కే పిడి ఉన్న కుళాయి ఎంచుకోవడం మంచిది. లేదా సబ్బు నురగతో పిడిని కూడా ఓసారి కడిగేయాలి.

పడవల్లోనూ, ఇల్లులా వాడే బండ్లలోనూ కాలితో తొక్కే పంపు పెడతారు. నీళ్ల క్యాను నేల మీదే ఉంటుంది. తొక్కినప్పుడల్లా పైపులోంచి పైకి వస్తుంది. 20 కిలోలు ఎత్తే పని తప్పుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పొలం దగ్గర ఎప్పటికీ ఉండే వంటశాలకు ఇది చక్కగా సరిపోతుంది. ఒక్కరోజు వనభోజనానికి మాత్రం భూమ్యాకర్షణను మించిన మోటారు లేదు.

సబ్బు సంగతి: నేల మీద పెడితే మట్టి అంటుతుంది, బేసిను అంచున పెడితే కరిగిపోతుంది. వెల్లుల్లి అమ్మే వల సంచిలో వేసి కుళాయి పక్కన వేలాడదీస్తే రెండు సమస్యలూ ఉండవు. వలతో సహా రుద్దుకోవచ్చు. శానిటైజరు ఉందిగా అనుకోవద్దు. మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు. ఆరుబయట వంటలో ఆ రెండూ లేని చేతులు ఎక్కడుంటాయి?

అంట్ల కోసం మూడు టబ్బులు

వందమంది గిన్నెలు తోమడానికి సింకు సరిపోదు. ధార కింద తోమితే క్యాను పది నిమిషాల్లో ఖాళీ. అందుకు శిబిరాల్లో మూడు టబ్బుల పద్ధతి వాడతారు. ముందు గిన్నెల్లో మిగిలింది మొత్తం గీకేయాలి. మొదటి టబ్బులో వేడినీళ్లు, సబ్బు, కొబ్బరి పీచు. రెండో దాంట్లో సబ్బు వదిలించే మంచినీళ్లు. మూడో దాంట్లో క్లోరిన్ కలిపిన నీళ్లు లేదా చేతులు పట్టనంత వేడినీళ్లు. వరుస ఎప్పుడూ అదే, వెనక్కి వెళ్లకూడదు. తోమాక గుడ్డతో తుడవడం కన్నా ఎండలో బోర్లించడమే మంచిది. ఒకే గుడ్డ అన్ని గిన్నెలూ తిరిగితే అది ఇంకో డ్రమ్ము మగ్గే!

క్యానులో పోసే నీళ్లు కూడా నమ్మకమైనవి అయి ఉండాలి. వాగు నీరో, వ్యవసాయ బావి నీరో అయితే గుడ్డతో వడగట్టి, తెర్లు వచ్చాక ఒక నిమిషం మరగనివ్వాలి. క్లోరిన్ మాత్రలు వాడితే పొట్లం మీద రాసిన మోతాదు, రాసినంతసేపు ఆగడం తప్పనిసరి. తాగే నీళ్ల క్యాను, చేతుల క్యాను వేరువేరుగా ఉండాలి. వాటి మీద పెద్ద అక్షరాలతో రాయడం ఇంకా మంచిది.

ఆ నీళ్లు ఎక్కడికి?

నీళ్లు తెచ్చుకోవడం గురించి అందరూ ఆలోచిస్తారు. వాడిన నీళ్లు పంపడం గురించి ఎవరూ ఆలోచించరు. సింకు కట్టి, కింద బకెట్టు పెట్టి, ఆ బకెట్టును తీసుకెళ్లి పక్కనున్న వాగులో గుమ్మరిస్తే చేసిన పనంతా వృథా. మన కింద ఊళ్లో ఎవరో అదే వాగులో బిందె ముంచుతారు. సహజంగా కరిగిపోయే సబ్బే కదా అనుకున్నా సరే, అది విరిగిపోవడానికి మట్టీ, మట్టిలోని సూక్ష్మజీవులూ కావాలి. నేరుగా నీటిలో కలిపితే ఆ పని సరిగా జరగదు.

కొండల్లో, అడవుల్లో శిబిరాలు వేసేవారు ప్రపంచమంతటా పాటించే లెక్క ఒకటుంది. వాడిన నీళ్లు వాగుకైనా చెరువుకైనా 200 అడుగుల దూరంలో, అంటే దాదాపు 60 మీటర్ల అవతల పోయాలి. పెద్దవాళ్ల అడుగులతో ఎనభై లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. జాలీలో చిక్కిన మెతుకుల్ని చెత్త సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేయాలి. అక్కడే పడేస్తే ఈగలూ, కుక్కలూ, కోతులూ మన తర్వాత భోజనానికి కూర్చుంటాయి.

ఒక్కరోజుకైతే మోకాలి లోతు గుంత చాలు. అడుగున గులకరాళ్లు పరచి, పైన గుప్పెడు ఎండుగడ్డి వేయాలి. జిడ్డు గడ్డిలో ఆగిపోతుంది, నీరు ఇంకిపోతుంది. వెళ్లేటప్పుడు గడ్డి తీసేసి మట్టి కప్పేస్తే ఎవరో వచ్చి వెళ్లిన గుర్తు కూడా మిగలదు. గుంతను బావికీ బోరుకీ దూరంగా, పల్లపు వైపున తవ్వాలి.

పొలం షెడ్డు దగ్గర రోజూ వాడే సింకు అయితే శాశ్వతంగా ఇంకుడు గుంత తవ్వుకోవడమే మేలు. మన దగ్గర 2000లో 'నీరు-మీరు' కార్యక్రమం వచ్చినప్పుడు ఇంకుడు గుంత అన్న మాట ఇంటింటికీ తెలిసింది. అది వాన నీటి కోసం. వాడిన నీళ్లకైతే గుంతకు ముందు ఒక చిన్న తొట్టి కట్టి, జిడ్డునూ మడ్డినీ అక్కడే ఆపాలి. లేకపోతే కొన్నాళ్లకే రాళ్ల మధ్య సందులు మూసుకుపోయి నీళ్లు పైకి పొంగుతాయి. ఆపైన దోమలు.

ఇంకా తేలిక మార్గం మన పెరళ్లలోనే ఉంది. అంట్లు తోమిన నీళ్లు పారేచోట అరటి పిలకో, చేమదుంపో నాటేవారు. ఎప్పుడూ తడి కోరుకునే మొక్కలవి. వాసన రాకుండా, బురద నిలవకుండా ఆ నీళ్లను తాగేసి గెల వేసి ఇచ్చేవి. ఆకుకూరల మడికి మాత్రం ఆ నీళ్లు పెట్టకూడదు. పచ్చిగా తినే ఆకుల మీద వాడిన నీళ్లు పడటం మంచిది కాదు.

ఇవి మరచిపోవద్దు

క్యానులోకి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నింపే గరాటు, బిందె వేరుగా, శుభ్రంగా ఉంచుకోవాలి.

క్యానును నీడలోనే పెట్టాలి. ఎండలో ఉంటే పాచి పడుతుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

ఇంటికి వచ్చాక క్యాను, పైపు, కుళాయి కడిగి, మూత తీసి పూర్తిగా ఆరాకే దాచాలి. తడిగా మూసి పెడితే వచ్చే కార్తీకానికి లోపల నాచు తయారు.

పచ్చిమాంసం, చేపలు కడిగిన బేసినులో కూరగాయలు కడగొద్దు. ముందు కూరగాయలు, తర్వాత మాంసం, ఆ తర్వాత సబ్బుతో బేసిను... అదీ వరుస.

రెండు వాషర్లు, ఒక టెఫ్లాన్ టేపు చుట్ట, ఒక మూర తాడు సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఒక్కరోజు సరదా కాదు

వనభోజనాలు ఏడాదికి ఓసారి. అలాంటి వంట రోజూ చేసుకునేవారూ మన మధ్యే ఉన్నారు. ఇటుక బట్టీల దగ్గర పొయ్యి పెట్టుకున్న వలస కుటుంబాలు, భవనాల పక్కన రేకుల షెడ్లలో ఉండే కూలీలు, గొర్రెల మందతో నెలల తరబడి తిరిగే కాపరులు, రోడ్డు పక్కన టిఫిను బండి నడిపేవారు... వాళ్ల వంటిల్లు ఎప్పుడూ ఆరుబయటే. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు వెళ్లే లక్షల మందిలో ఎందరో గుడారాల దగ్గరే పొయ్యి వెలిగించుకుంటారు. అంత జనంలో ఒక డ్రమ్ములో పడిన క్రిమి ఎంతదూరం వెళుతుందో ఊహించుకోవచ్చు.

సబ్బుతో చేతులు కడుక్కుంటే విరేచనాల జబ్బులు దాదాపు 30 శాతం తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు కలిపి చూసినవారు తేల్చారు. కానీ 'చేతులు కడుక్కోండి' అని చెప్పడం ఒకటి, కడుక్కునే చోటు చూపించడం మరొకటి. సబ్బు ఒకచోట, నీళ్లు ఇంకోచోట, మగ్గు కోసం వెతుకులాట ఉంటే ఎంత తెలిసినవాళ్లయినా వదిలేస్తారు. కళ్లెదుట కుళాయి, పక్కన వేలాడే సబ్బు ఉంటే చదువు రాని పసివాడు కూడా కడుక్కుంటాడు.

పనిమనుషులకు వంట షెడ్డు వేయించే మేస్త్రి, అన్నదానం చేయించే దాత, కూలీలతో నాట్లు వేయించే రైతు... ఒక్క క్యాను, ఒక్క బేసిను అదనంగా పెట్టించగలిగితే చాలు. ఈ ఏడు వనభోజనాల చీటీ రాసేటప్పుడు పులిహోర కన్నా ముందు, మొదటి వరుసలో రాసుకోవాల్సిందీ అదే. అంత చేసి వండిన వంకాయ కూరకు ఇక మాట పడాల్సిన అవసరం ఉండదు!